పావురము నుండి విమానము దాకా: చిన్న మెదడు కథ

హైదరాబాదు నగరమునకు దక్షిణమున, బెంగుళూరు రహదారిమీద నున్న ఊరు శంషాబాదు. పైగా వంశపు నవాబులకు నిజాము ప్రభువు లొసగిన 'షంసుల్ ఉమ్రా' అను బిరుదమును బట్టి ఈ పేరు వచ్చినదని చెప్పుదురు. ప్రభువర్గములో సూర్యుడని ఆ బిరుదమున కర్థము. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీనుండి నగరపు విమానముల రాకపోకలు బేగంపేటను విడిచి ఈ ఊరి పొలిమేరకు మారినవి. ఇచ్చటి ప్రధానమైన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. పగలనక రాత్రియనక విమానములు దానిపై దిగుచు లేచుచు నుండును.

దిగుచున్న విమానమును చూచువారు యంత్రముయొక్క శక్తిని మెచ్చుకొందురు. ఆ మెప్పు తగినదే. కాని నేల దగ్గరపడి ప్రక్కగాలి ఒక్క విసురు విసరినపుడు, విమానచోదకుని చేయి ఎంత కదలవలెనో అంతే కదలి, ఆగవలసినచోట ఆగుచున్నది. ఆ కొలతను అతడు లెక్కవేసి తెలిసికొనుట లేదు. లెక్కవేయుటకు వ్యవధియు లేదు. ఆ కొలతను పట్టి యుంచునది అతని పెడతలలో నున్న, పిడికిలికి మించని ఒక అవయవము. దానినే మనము చిన్న మెదడని పిలుచుచున్నాము. శాస్త్రగ్రంథములలో అనుమస్తిష్కమని పేరు. ఐరోపా వైద్యులు వాడు 'సెరిబెల్లము' అను లాటిను మాటకును చిన్న మెదడనియే అర్థము. అది ఏమిటో, ఏమి చేయునో మానవుడు తెలిసికొన్న చరిత్రను మనమిప్పుడు చెప్పుకొందము. ఆ చరిత్ర పావురముతో మొదలై విమానమువరకు వచ్చినది.

ముందుగా దాని స్వరూపము. పుఱ్ఱె వెనుక భాగమున, పెద్ద మెదడునకు క్రిందుగా, మెడ మొదలగుచోటికి కాస్త పైన ఇది అమరియున్నది. బరువు సుమారు 150 గ్రాములు. మెదడు మొత్తములో పదియవవంతు. పైపొర చీర కుచ్చెళ్లవలె సన్నని మడతలు పడి యుండును. ఆ మడతలన్నియు విప్పి పరచినచో, పెద్ద మెదడు పైపొర వైశాల్యములో ఇంచుమించు అయిదింట నాలుగు వంతులకు సరిపోవును. నిలువున కోసి చూచినచో తెల్లని నాడీతంతువులు కొమ్మలు రెమ్మలు వేసిన చెట్టువలె కానవచ్చును. అందుచేతనే పూర్వపు శరీరశాస్త్రజ్ఞులు ఆ దృశ్యమునకు 'జీవవృక్షము' అని పేరు పెట్టిరి. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణము లున్నవనియు, వానిలో 6,900 కోట్లు ఈ చిన్న మెదడులోనే యున్నవనియు బ్రెజిలు దేశపు శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిరి. బరువులో పదియవవంతు, కణములలో అయిదింట నాలుగు వంతులు. పేరు చిన్నదే గాని సంసారము చాల పెద్దది.

ఇందులో మూడు భాగములను గుర్తింపవచ్చును. నడుమనున్న భాగము మొండెమును, నడకను నిలుకడగా నుంచును. ఇరుప్రక్కల నున్న గోళార్ధములు చేతులయొక్కయు కాళ్లయొక్కయు నేర్పును చూచుకొనును. అన్నిటికంటె క్రిందనున్న, జీవపరిణామములో అన్నిటికంటె పాతదైన భాగము చెవిలోని తూకపు అవయవములతోను, కన్నులతోను సంబంధము కలది. మరియొక విశేష మున్నది. పెద్ద మెదడు కుడిభాగము ఎడమచేతిని నడుపును. చిన్న మెదడు మాత్రము కుడిభాగము కుడిచేతినే చూచుకొనును.

దీని పని ఏమన్న ప్రశ్నకు సమాధానము దొరకుటకు చాల కాలము పట్టినది. 1664లో మెదడుపై గొప్ప గ్రంథమును వెలువరించిన ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్, గుండె కొట్టుకొనుట, ఊపిరి యాడుట మొదలైన అప్రయత్న కార్యములకు ఇదియే మూలమని భావించెను. అది సరికాలేదు. 1800లో వోల్టా అను ఇటలీ శాస్త్రజ్ఞుడు లోహపు బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి విద్యుత్తును పుట్టించెను. ఆ దేశమువాడే యైన రోలాండో 1809లో, చిన్న మెదడులోని మడతల దొంతరలను చూచి, ఇదియు అట్టి విద్యుద్యంత్రమే యనియు, కండరములకు కావలసిన శక్తిని ఇదియే పుట్టించుననియు వాదించెను. చూపునకు పోలిక బాగున్నది. కాని పోలిక ప్రమాణము కాదు.

ఆ పోలికను పరీక్షకు పెట్టి త్రోసిపుచ్చినవాడు ఫ్రాన్సు దేశపు ఫ్లూరాన్స్. 1824లో ప్రకటించిన పరిశోధనలలో ఆయన పావురముల చిన్న మెదడును పొరలు పొరలుగా తీసివేసి చూచెను. మొదటి పొరలు పోయినపుడు పక్షి నడకలో పొందిక చెడెను. మరికొంత పోవగా ఎగురలేకపోయెను. తుదకు నిలువను లేక, వెల్లకిల పడినచో తిరిగి లేవను లేక కొట్టుకొనెను. అయినను ఆ పక్షి చూచుచుండెను, వినుచుండెను, దెబ్బ మీదికి వచ్చునపుడు తప్పించుకొనుటకు యత్నించుచుండెను. రెక్కలలో బలమున్నది, ఎగురవలెనను కోరికయు ఉన్నది. లేనిది వానిని కలిపి నడిపించు పొందిక మాత్రమే. కాబట్టి చిన్న మెదడు శక్తిని పుట్టించునది కాదు, కదలికలను సమకూర్చునది అని ఫ్లూరాన్స్ నిర్ణయించెను. నోరులేని ప్రాణులు పడిన ఆ బాధవలన లభించిన జ్ఞానమని ఎరిగి, దీనిని మనము గౌరవముతో స్వీకరింపవలసి యున్నది.

ఇంచుమించు ఆ కాలముననే మన హైదరాబాదులో ఏమి జరుగుచుండెనో కొంచెము చూతము. పైగా వంశీయుడైన షంసుల్ ఉమ్రా నవాబు ఫక్రుద్దీన్ ఖాన్ గణితమునందును, ప్రకృతిశాస్త్రములందును మిక్కిలి ఆసక్తి కలవాడు. ఆయన సొంత శిలాముద్రణాలయమును నెలకొల్పి, ఐరోపా శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి మార్పించి అచ్చువేయించెను. యంత్రశాస్త్రము, ఖగోళము, వెలుతురు, విద్యుత్తు మొదలైన విషయములపై వెలువడిన ఆరు పుస్తకములకు 'సిత్తయె షంసియా' అని పేరు. ఏ బిరుదము శంషాబాదు పేరులో నిలిచియున్నదో ఆ బిరుదమే ఈ శాస్త్రగ్రంథముల పేరునను నిలిచినది. పిదప 1846లో నగరమున వైద్యపాఠశాల ఏర్పడి, దేశభాషయైన ఉర్దూలోనే పాశ్చాత్య వైద్యమును బోధింప మొదలుపెట్టెను. నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు అదియే మూలము. కొత్త శాస్త్రము మన నేలకు ఆలస్యముగా వచ్చినదను మాట అంత నిజము కాదు.

ఈ నడుమ, 1837లో, ప్రేగు నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో పర్కిన్యే అను చెక్ దేశీయుడు చిన్న మెదడు పొరలలో బుడ్డివంటి పెద్ద నాడీకణములు వరుసదీరి యున్నట్లు చూపించెను. నేటికిని అవి ఆయన పేరనే పిలువబడుచున్నవి. 1888లో స్పెయిను దేశపు కహాల్ పక్షుల చిన్న మెదడును వెండి లవణములతో రంగెక్కించి, సూక్ష్మదర్శినిలో పరిశీలించెను. మరల పక్షియే! గోడకు ఆనించి పెంచిన ద్రాక్షతీగెవలె ఒక్కొక్క పర్కిన్యే కణము ఒకే తలములో కొమ్మలు పరచియుండుటను ఆయన చిత్రించెను. నాడీకణములు ఒకదానితో నొకటి అతుకుకొని యుండక వేర్వేరు వ్యక్తులవలె నుండి వార్తలు పంపుకొనుచున్నవను సిద్ధాంతమునకు ఆ చిత్రములే పునాది. 1906లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

పక్షులనుండి మనుష్యుల దాకా ఈ జ్ఞానమును తెచ్చినది యుద్ధము. 1914నుండి 1918వరకు జరిగిన మహాసంగ్రామములో పెడతలకు గుండు దెబ్బలు తగిలిన సైనికులను ఇంగ్లండు వైద్యుడు గార్డన్ హోమ్స్ ఫ్రాన్సు దేశపు సైనిక వైద్యశాలలలో పరీక్షించెను. దెబ్బ ఒక ప్రక్కనే తగిలినవారిలో ఆ ప్రక్క చేయి చెడియు, రెండవచేయి బాగుగనుండుటచే రెంటిని పోల్చిచూచుట సాధ్యమయ్యెను. చెడిన చేతికి బలమున్నది. కాని ఒక్కొక్క కదలికను ఆలోచించి చేయవలసివచ్చుచున్నదని రోగులు చెప్పిరి. బాగున్న చేయి తలపకయే చేయు పనిని చెడిన చేయి తలచి తలచియు సరిగా చేయలేకపోయెను.

ఆ లోపమును మన యిండ్లలోని ఒక అనుభవముతో పోల్చవచ్చును. పాత రేడియోలో మరను త్రిప్పుచు స్టేషను కొరకు వెదకునపుడు ముల్లు ఆ చోటు దాటిపోవును. వెనుకకు త్రిప్పినచో ఇటు దాటును. రెండుమూడు మారులు అటునిటు ఆడించి తుదకు కుదుర్చుదుము. చిన్న మెదడు చెడినవాడు మంచినీళ్ల గ్లాసు కొరకు చేయి చాచినపుడు చేయి అట్లే దాటుచు, మరలుచు, ఊగుచు పోవును. గ్లాసునకు దగ్గరగు కొలది ఊపు పెరుగును. మాటయు ముక్కలు ముక్కలుగా, ఈడ్చినట్లు వచ్చును. నడక త్రాగినవాని నడకవలె నుండును. ఇట్టివారిని లోకము త్రాగుబోతులని నిందించుట కలదు. అది రోగముకంటె పెద్ద బాధ.

ఇక విమానముల సంగతి. వియన్నా నగరపు చెవివైద్యుడు బారానీ, రోగుల చెవిలో చల్లని నీరుగాని వేడినీరుగాని చిమ్మినపుడు తల తిరుగుటను, కనుగ్రుడ్లు ఊగుటను గమనించి, చెవి లోపలి అర్ధవర్తుల కుల్యలే మన తూకమునకు సాధనములని స్పష్టపరచెను. 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము తనకు లభించినదను వార్త వచ్చునప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా నుండెను. ఆ కుల్యలు పంపు వార్తలు చిన్న మెదడునకు చేరును. అయితే అవి తలయొక్క వేగపు మార్పును మాత్రమే చెప్పగలవు. ఒకే వేగముతో చాలసేపు తిరిగినచో ఆ తిరుగుడు వానికి తెలియదు. నేలపై నడచు ప్రాణికి ఇందువలన నష్టము లేదు. మబ్బులో చిక్కిన విమానచోదకునికి అది ప్రాణాపాయము. విమానము వంగి సుడి తిరుగుచున్నను, అతనికి నిటారుగ పోవుచున్నట్లే తోచును.

తొలినాటి విమానచోదకులు మేఘములలో తమ ఒంటి తెలివిని నమ్మి చాలమంది మరణించిరి. 1926లో అమెరికా సైన్యపు చోదకుడు విలియం ఆకర్, కన్నులు మూసి తిరుగుడు కుర్చీలో కూర్చుండినపుడు, తాను ఎటు తిరుగుచున్నాడో చెప్పలేకపోవుటను కనుగొనెను. చాల అనుభవము గల తన శరీరము తన్నే మోసగించినదని ఆయన గ్రహించెను. 1929 సెప్టెంబరు 24వ తేదీన జేమ్స్ డూలిటిల్, బయట ఏమియు కనబడకుండ కప్పిన ఆసనములో కూర్చుండి, ఎదుట నున్న సూచికలను మాత్రమే చూచి విమానమును లేపి, నడిపి, దింపెను. నేటి విమానయానమునకు ఆ రోజు తలవాకిలి.

మన నగరమునకు ఈ విద్యతో చాలకాలపు సంబంధము కలదు. నిజాము కాలమున బేగంపేటలో విమానాశ్రయము ఏర్పడెను. డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ అచ్చటనుండి విమానములు నడిపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను. హకీంపేటలో వైమానిక దళపు స్థావరమున్నది. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ 1971లో ప్రారంభమయ్యెను. ఇట్టిచోట్ల విద్య నేర్చు యువకులును యువతులును మొదటిదశలోనే ఒక పాఠము వల్లెవేయవలెను: మబ్బులో నీ ఒంటిని నమ్మకుము, నీ ఎదుటి సూచికను నమ్ముము. చిన్న మెదడు ఎంత నేర్పరియైనను, తనకు వచ్చిన వార్త తప్పైనపుడు అదియు తప్పుచేయును.

అయితే దాని గొప్పతనము తప్పులేకుండుటలో లేదు. తప్పునుండి నేర్చుకొనుటలో నున్నది. ఈ సంగతి 20వ శతాబ్ది ఉత్తరార్ధమున గాని తేలలేదు. ఒక్కొక్క పర్కిన్యే కణమునకు రెండు రకముల వార్తలు వచ్చును. సన్నని తంతువులు లక్షకు పైగా దాని కొమ్మలను తాకుచు, శరీరము ఎట్లున్నది, ఏమి చేయబోవుచున్నది అని చెప్పుచుండును. వేరొక తంతువు ఒక్కటియే తీగెవలె దానిని అల్లుకొని ప్రాకును. ఈ ఒంటితంతువు తప్పు జరిగినదని హెచ్చరించుననియు, ఆ హెచ్చరికతో పాటు పనిచేసిన సన్నని తంతువుల బలము మారుననియు ఇంగ్లండులో డేవిడ్ మార్ 1969లోను, అమెరికాలో జేమ్స్ ఆల్బస్ 1971లోను ఊహించిరి. జపానులో మసావో ఇటో, ఆ కణములు తమ క్రిందివానిని అదుపుచేయు స్వభావము గలవని అంతకుముందే చూపెను. 1982లో ఆయనయు, ఆయన సహచరులును, హెచ్చరిక తగిలిన తంతువుల బలము తగ్గిపోవుటను ప్రయోగములలో చూచిరి. అనగా చెక్కిన కొద్ది శిల్పము తేలినట్లు, తప్పు కదలికలను తొలగించిన కొద్ది సరియైన కదలిక నిలుచును. విషయము ఇంతటితో ముగియలేదు. నేర్చుకొనుటకు వేరు మార్గములును కలవని తరువాతి పరిశోధనలు చెప్పుచున్నవి.

మన తెలుగులో దీనికి సరిపడు మాట ఒకటి కలదు: 'దిద్దుట'. బాలుడు పలకపై ఓనమాలు దిద్దును. గురువు వ్రాసిన గీతపై వ్రేలు పోనిచ్చి, తప్పినచోట మరలించి, వందమారులు చేయగా అక్షరము చేతికి వచ్చును. తప్పును సవరించుటకును, ఆ అభ్యాసమునకును మనకు ఒకటే మాట. తాడిచెట్టు నెక్కు గౌడన్న మోకును నడుమునకు తగిలించుకొని పైకి పోవునపుడు, నీళ్ల బిందె నెత్తిన పెట్టుకొని మన అక్కచెల్లెండ్రు గట్టుమీద నడచునపుడు, శంషాబాదులో విమానచోదకుడు ప్రక్కగాలిలో చక్రములను నేలకు తాకించునపుడు, వారి చిన్న మెదడు చేయుచున్నది ఈ దిద్దుబాటే. పనికి తేడా కలదు గాని విద్యకు తేడా లేదు.

ఈ దిద్దుబాటు భూమిని విడిచినను ఆగదు. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిలు 3వ తేదీన సోవియట్ నౌకలో అంతరిక్షమునకు పోయి, ఎనిమిది దినముల పిదప 11వ తేదీన తిరిగివచ్చెను. అచ్చట బరువు తెలియదు. పైయనునది, క్రిందనునది లేదు. చెవి ఒకటి చెప్పును, కన్ను వేరొకటి చెప్పును. అందుచే అంతరిక్షమునకు పోయినవారిలో చాలమందికి మొదటి దినములలో వికారము కలుగును. ఈ స్థితికి శరీరము అలవాటుపడుటలో యోగాభ్యాసము తోడ్పడునా అను విషయమును పరీక్షించుట రాకేశ్ శర్మ చేసిన పనులలో ఒకటి. కొలదిదినములలో వికారము తగ్గుట, నేలకు దిగిన పిదప కాళ్లు మరల తమ నడకను నేర్చుకొనుట, ఈ రెంటిలోను చిన్న మెదడునకు ముఖ్యమైన పాలు కలదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇంతవరకు వచ్చిన శాస్త్రము గృహస్థులమైన మనకు ఏమి ఉపకరించును? మూడు విషయములు చెప్పి ముగింతుము.

మొదటిది ఎండ. పర్కిన్యే కణములు అధికోష్ణమునకు ఓర్వలేవు. వడదెబ్బతో మరణించిన అమెరికా సైనికుల మెదడులను పరీక్షించి 1946లో వెలువరించిన పరిశోధనలో ఈ కణములు మిక్కిలి దెబ్బతిన్నట్లు తేలెను. వడదెబ్బనుండి బ్రతికి బయటపడినవారిలో కొందరికి నడక తూలుట, మాట తడబడుట ఎల్లకాలము మిగిలిపోవును. మన తెలంగాణపు రాతినేలపై, మే నెల ఎండలో పనిచేయువారికి ఇది దూరపు మాట కాదు. ఒళ్లు కాలిపోవుచు, తెలివి తప్పుచున్నవానిని తక్షణమే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోసి విసరుచు వైద్యశాలకు పంపవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు. ఆలస్యమైన ప్రతి నిమిషమును కణముల లెక్కలో చెల్లింపవలసి యుండును.

రెండవది మద్యము. త్రాగినవాని తూలుడు, మాట ముద్దయగుట చాలవరకు చిన్న మెదడు మత్తిల్లుటవలననే. ఏండ్ల తరబడి అతిగా త్రాగినవారిలో దాని నడుమ భాగము క్షీణించి, త్రాగని దినమునను తూలుడు నిలిచిపోవును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. అకస్మాత్తుగా తల తిరిగి, వాంతులై, మనిషి నిలువలేక ఒక ప్రక్కకు ఒరిగిపోవుచు, మాట తడబడినచో, దానిని పైత్యమనియో అజీర్ణమనియో తలచి నిమ్మరసమిచ్చి పండుకొనబెట్టరాదు. అది చిన్న మెదడునకు రక్తము అందక కలిగిన పక్షవాతము కావచ్చును. చేయి కాలు పడిపోలేదు గదా యని ధైర్యపడుటకు వీలులేదు. ఈ వ్యాధిలో బలము పోదు, పొందికయే పోవును. ఫ్లూరాన్స్ పావురము మనకు నేర్పిన పాఠ మిదియే. రక్తపు గడ్డను కరిగించు మందును సామాన్యముగ నాలుగున్నర గంటలలోపలనే ఈయవలసి యుండును. ఆలస్యమైనచో చిన్న మెదడు వాచి, ఊపిరిని నడుపు ప్రక్కభాగమును ఒత్తును. సకాలమున పోయినవారిలో చాలమంది మరల నడచుచున్నారు.

కాలు జారినచో తీసికొనవచ్చునని మన పెద్దలన్నారు. జారిన కాలిని పడకుండ తీసికొను నేర్పు మన పెడతలలో నున్నది. అది మనకు పుట్టుకతో పూర్తిగ రాలేదు. ప్రాకి, పడి, లేచి, దిద్దుకొని సంపాదించుకొన్నాము. ఆ సంపాదనను ఎండనుండియు, మత్తునుండియు, అశ్రద్ధనుండియు కాపాడుకొనుట మన చేతిలోని పని.